పాలకుండ మూత తీసిందెవరు?

సియాటిల్ వచ్చి పది రోజులైనా మా నాన్నగారు దేన్నీ బాగుందనలేదు. స్పేస్ నీడిల్ చూపిస్తే "పొడుగ్గా ఉంది" అన్నారు. రేనియర్ కొండ చూపిస్తే "మంచేగా" అన్నారు. పదకొండో రోజు బాలార్డ్‌లో లాకుల దగ్గరికి తీసుకెళ్ళాను. మనిషి మారిపోయారు.

గోదావరి కాలువ గట్టున పుట్టి పెరిగిన మనిషికి లాకుల గురించి ఒకరు చెప్పేదేముంది? పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసుకోవడం, నీళ్ళు నిండి పడవ పైమట్టానికి లేవడం, ముందు తలుపులు తెరుచుకోవడం, అంతా ఆయనకి కంఠతా వచ్చు. ఇక్కడి పడవల్లో ధాన్యం బస్తాలుండవు, డబ్బున్నవాళ్ళ షోకు పడవలు. అరగంటసేపు కమ్మీ పట్టుకుని నిలబడి నాకూ, పక్కనున్న తెల్లాయనకీ కలిపి తెలుగులోనే వివరించారు. "లస్కరు ఏడమ్మా?" అని అడిగారు. లస్కరు ఇప్పుడు గదిలో కూర్చుని మీట నొక్కుతాడంటే కాస్త చిన్నబుచ్చుకున్నారు.

అవతలి ఒడ్డున చేపల మెట్లున్నాయి. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి తిరిగొచ్చే సాల్మన్ చేపలు మంచినీళ్ళలోకి ఎక్కడానికి కట్టినవి. 21 మెట్లు, ఒక్కో మెట్టూ ఒక చిన్న తొట్టి. పక్కనే నేలమాళిగలాంటి చీకటి గది, దానికి అద్దాల కిటికీలు. అద్దం అవతల ఆకుపచ్చని నీళ్ళలో చేపలు ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి నిలబడి ఉంటాయి. ముందుకీ పోవు, వెనక్కీ పోవు. తోక మాత్రం అలా ఆడుతూనే ఉంటుంది, కొండెక్కే ముందు ఊపిరి కూడదీసుకుంటున్నట్టు. నాన్నగారు అద్దానికి ముక్కు ఆనించి చూశారు. "చేపలకి మెట్లు కట్టారా!" అన్నారు. కాసేపాగి, గొంతు తగ్గించి, "మరి మన పులసకో?" అన్నారు.

పైకి వచ్చేసరికి నీళ్ళు దూకే చోటికి కాస్త దిగువన నల్లటి గుండొకటి తేలింది. హార్బర్ సీల్. గుండ్రటి కళ్ళు, తడిసిన మీసాలు, చెవులున్నచోట చిల్లులు. జనం ఫోన్లు తీశారు. అది మునిగింది. మళ్ళీ తేలినప్పుడు నోట్లో మోచేతంత సాల్మన్. ముందు రెక్కలతో పొట్టకి అదిమిపట్టి, మనం మొక్కజొన్న పొత్తు వలిచినట్టు తోలు పీకింది. సీగల్స్ మీదికి దిగాయి. జనంలో సగంమంది "అయ్యో, ఎంత ముద్దొస్తోందో" అన్నారు. మిగతా సగం మొహం తిప్పుకున్నారు.

మాతో వచ్చిన మా వారి స్నేహితుడు ఏమీ తిప్పుకోలేదు. ఎడ్మండ్స్‌లో రేవు మీద నిలబడి గాలం వేయడం ఆయనకి వారాంతపు వ్రతం. తగిలిన చేపని ఒడ్డుకి లాగేలోపే సీల్ ఎగరేసుకుపోయిన సందర్భాలు రెండు మూడున్నాయి ఆయన ఖాతాలో. "కాల్చి పారేయాలండీ వీటిని. సాల్మన్‌ని నాశనం చేస్తున్నవి ఇవే" అన్నారు. నేనేదో అనబోతే "మీకేంటండీ, టీవీలో చూసి ముద్దనుకుంటారు" అని నోరు మూయించారు. ఆ పూట ఊరుకున్నాను. ఆ ఊరుకున్న మాటలే ఇవన్నీ.

(మోకాళ్ళ నొప్పితో ఇంట్లో ఉండిపోయిన అమ్మకి ఫోన్ చేసి "సీల్ చూశాం" అంటే, "ఎవరింటికి వేశారే?" అంది.)

ముందే చెప్పేస్తాను: సీళ్ళు, సీ లయన్లు సాల్మన్‌ని తింటాయి. బాగానే తింటాయి. కొన్నిచోట్ల ఆ చేప జాతే అంతరించిపోయేంత తింటాయి. అలాంటి చోట కొన్నిటిని చంపక తప్పదన్నా నేను ఎదురుచెప్పను. నా పేచీ వేరే ఉంది. ఈ ప్రాంతంలో సీ లయన్ దొంగగా పేరు పడ్డ ప్రతి చోటా దానికన్నా ముందు మనిషి కట్టిన గోడ ఒకటుంది. చేపలన్నిటినీ ఒకే ఇరుకు సందులోకి తోసిన గోడ. పాలకుండ మూత తీసి వీధి అరుగు మీద పెట్టి, ఆపైన పిల్లి మీద కర్ర ఎత్తడంలాంటి వ్యవహారం ఇది. పిల్లిని తరమొద్దని నేననను. మూత సంగతి ఎవరూ ఎత్తరేమని అడుగుతున్నాను.

ఈ బాలార్డ్ లాకుల కథే తీసుకోండి. 1980ల్లో ఇక్కడికి కాలిఫోర్నియా సీ లయన్లు వచ్చి మకాం వేశాయి. మొదట వచ్చినదానికి ఊళ్ళోవాళ్ళు హెర్షెల్ అని పేరు పెట్టారు, తర్వాత వచ్చిన ప్రతిదీ హెర్షెలే అయింది. చలికాలంలో మెట్ల దగ్గర గుమిగూడే స్టీల్‌హెడ్ చేపలు (సాల్మన్‌కి దగ్గరి చుట్టాలు) వాటికి పళ్ళెంలో వడ్డించినట్టు దొరికాయి. ఆ దశాబ్దం మొదట్లో ఈ దారిన ఏటా రెండు వేలకు పైగా వచ్చిన స్టీల్‌హెడ్‌లు 1994 నాటికి 70కి పడిపోయాయి.

ఈ మధ్యలో వాటిని తరమడానికి చేయని ప్రయత్నం లేదు. నీళ్ళలో టపాకాయలు పేల్చారు. రబ్బరు మొన ఉన్న బాణాలు వేశారు. వాంతులయ్యే మందు పెట్టిన చేపలు ఎర వేశారు. నీళ్ళకింద ఓర్కా తిమింగలాల అరుపులు వినిపించారు. మొదట్లో నాలుగు రోజులు ప్రతిదీ పనిచేసేది. ఐదో రోజుకి ఆ చప్పుడు సీ లయన్లకి భోజనాల గంట అయిపోయేది. కొన్నిటిని పట్టి లారీలకెక్కించి దక్షిణ కాలిఫోర్నియా దీవుల దాకా, అంటే వెయ్యిన్నర కిలోమీటర్ల పైమాటే, తీసుకెళ్ళి వదిలారు. కొద్ది వారాల్లో ఈదుకుంటూ తిరిగొచ్చాయి. చివరికి చట్టం సవరించి, పేరు పట్టి దొంగల్ని చంపడానికి 1994లో వీలు కల్పించారు. చంపుతారన్న గోల లేచాక 1996లో మూడింటిని ఫ్లోరిడాలో సీ వరల్డ్ అనే జలజంతువుల పార్కుకి పంపేశారు. విమానంలో! మనవాళ్ళు వీసా కోసం ఎన్ని తిప్పలు పడతారో అందరికీ తెలుసు.

సరే, దొంగలు పోయారు. స్టీల్‌హెడ్‌లు తిరిగొచ్చాయా? ఒకటి రెండేళ్ళు కాస్త పెరిగినట్టు కనిపించి మళ్ళీ జారిపోయాయి. ఈ శతాబ్దం మొదలయ్యేసరికి వందకి లోపే. తర్వాత దాదాపు లేవు. కాపలా మాత్రం మిగిలింది.

మనం ఆరోజు చూసిన మెట్లకన్నా పాత సంగతి ఒకటుంది. స్టీల్‌హెడ్‌ల దారి మొదట ఇది కానే కాదు. వాషింగ్టన్ సరస్సు నీళ్ళు దక్షిణాన బ్లాక్ రివర్ అనే ఏట్లో పడి, డువామిష్ నదిలో కలిసి సముద్రానికి పోయేవి. చేపలు ఆ దారినే వచ్చేవి. పడవలు రావాలని ఓడల కాలువ తవ్వి, 1916లో సరస్సు మట్టాన్ని 9 అడుగులు దించారు. బ్లాక్ రివర్ ఎండిపోయింది. దాని ఒడ్డున తరతరాలుగా బతికిన డువామిష్ జనం బతుకూ ఎండింది. సెడార్ నదిని తెచ్చి సరస్సులోకి మళ్ళించారు. 1917లో లాకులు తెరిచారు. అప్పటినుంచి ఒక పెద్ద సరస్సుకీ, దానిలో పడే ఏళ్ళన్నిటికీ ఉన్న ఒకే ఒక వాకిలి ఈ బాలార్డ్. నదీముఖంలో ఉప్పునీరూ మంచినీరూ మెల్లగా కలిసే మైళ్ళ కొద్దీ చోటు చేపకి అలవాటు పడడానికి ఉండాలి. ఇక్కడ ఒక తలుపు. తలుపుకి ఇటు ఉప్పు, అటు తీపి. ఆ తలుపు ముందు చేపలు క్యూ కట్టడం ఖాయం, క్యూ కట్టిన చోట తినేవాడు రావడం ఖాయం. అరవై డెబ్బై ఏళ్ళు ఆలస్యంగా వచ్చాడంతే.

ఎందుకు ఆలస్యం? దానికీ కారణం మనమే. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం ఈ తీరంలో సీల్‌ని చంపి ఆధారం చూపిస్తే ప్రభుత్వమే డబ్బిచ్చేది. ఆరెగన్‌లో 1970ల దాకా ఆ పద్ధతి నడిచింది. 1972లో సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వచ్చాక అవి మళ్ళీ పెరిగాయి. 1975లో తొంభై వేలలోపు ఉన్న కాలిఫోర్నియా సీ లయన్లు 2012 నాటికి మూడు లక్షలకు చేరాయి. చట్టాలు ఇంత బాగా పనిచేయడం అరుదు. వాటిని మనం కోరి పెంచుకున్నాం. పెరిగాక "ఇంతమందా?" అంటున్నాం.

సీల్‌కీ సీ లయన్‌కీ తేడా తెలియదనేవాళ్ళకి ఒక్క ముక్క. బయటికి చిన్న చెవి కనిపించి, ముందు రెక్కల మీద లేచి నిలబడి, కుక్కలా మొరిగితే సీ లయన్. చెవి కనబడక, ఒడ్డు మీద గొంగళిపురుగులా పాకితే సీల్. ఇంకో సంగతి నాకు భలే నచ్చుతుంది: ఇక్కడ మనకి కనబడే కాలిఫోర్నియా సీ లయన్లు దాదాపు అన్నీ మగవే. ఆడవీ పిల్లలూ దక్షిణాన దీవుల్లోనే ఉండిపోతాయి. మగవి మాత్రం తిండి వెతుక్కుంటూ ఉత్తరానికి వచ్చి, ఒళ్ళు చేసి, వేసవికి ఇంటికి పోతాయి. మా కోనసీమ నుంచి గల్ఫ్‌కి పోయేవాళ్ళ సంసారం గుర్తొస్తుంది.

మూడేళ్ళ కిందట ఏప్రిల్ చివర కొలంబియా నది మీద బోనవిల్ డ్యామ్‌కి వెళ్ళాం. సముద్రానికి 235 కిలోమీటర్ల ఎగువన, 1938లో పూర్తయిన ఆనకట్ట. అక్కడా మెట్లున్నాయి, అద్దాలున్నాయి. అద్దం అవతల ఎక్కే ప్రతి చేపనీ జాతివారీగా లెక్కపెట్టే ఉద్యోగులూ ఉన్నారు. బయట గట్టు మీద నిలబడితే కింద సుళ్ళు తిరిగే నురుగులో గోధుమరంగు వీపులు లేచి పడుతున్నాయి. దూరంగా పడవలోంచి ఢాం ఢాం అని టపాకాయలు. బాలార్డ్‌లో నలభై ఏళ్ళ కిందట పనిచేయని మందే ఇక్కడింకా వాడుతున్నారు. ఒక సీ లయన్ ఒడ్డున రాతి మీదికెక్కి ఒళ్ళు విరుచుకుంది. దాని వీపు మీద కాల్చి వేసిన వాతలు, ఒక అక్షరం, మూడంకెలు. మన పల్లెల్లో ఆంబోతుకి వేసే అచ్చులా. ఆ అంకెలే దాని కేసు నంబరు. మెట్ల దగ్గర మళ్ళీ మళ్ళీ కనబడితే ఆ నంబరు చంపదగినవాటి జాబితాలోకి ఎక్కేది. నీళ్ళలో బల్లకట్టులాంటి బోను కడతారు, అది ఎండ కాచుకోవడానికి ఎక్కుతుంది, తలుపు పడుతుంది, తర్వాత సూది.

2018 చివర చట్టాన్ని ఇంకాస్త సడలించారు. ఇప్పుడు ఒక్కొక్కదాని నేరం రుజువు చేయక్కర్లేదు, ఆ మేరలో కనబడితే చాలు. 2020లో ఐదేళ్ళకి కలిపి 540 కాలిఫోర్నియా సీ లయన్లనీ, 176 స్టెల్లర్ సీ లయన్లనీ తీసెయ్యడానికి అనుమతి ఇచ్చారు. ఈ స్టెల్లర్‌ది ఇంకో జాతి. మగది టన్ను దాకా తూగుతుంది. ఆ పేరు వచ్చిన గెయోర్గ్ స్టెల్లర్ 1741లో బేరింగ్ సముద్రపు దీవిలో చిక్కుబడినప్పుడు ఒక మహా సాధుజంతువుని కూడా చూసి రాసిపెట్టాడు, సముద్రపు ఆవు అంటారు. ఏనుగుకన్నా పెద్దది, నాచు మేసేది. బొచ్చు కోసం వచ్చిన వేటగాళ్ళు దాన్ని 1768 కల్లా ఒక్కటి మిగలకుండా తినేశారు. ఇరవై ఏడేళ్ళు పట్టింది.

బోనవిల్ దగ్గర సీ లయన్లు ఎంత తింటాయి? డ్యామ్ కింద కళ్ళతో చూసి లెక్కపెట్టినది చాలా ఏళ్ళలో వసంతకాలపు చేపల్లో ఐదారు శాతం లోపే. దిగువన నదీముఖం నుంచి ఇక్కడిదాకా పోయేవి కలిపితే అంతకన్నా బాగా ఎక్కువ. చిన్న సంఖ్య కాదు, ఒప్పుకుంటాను. ఇప్పుడు రెండో పద్దు చూడండి. ఒకప్పుడు కొలంబియాకి ఏటా కోటి నుంచి కోటీ అరవై లక్షల దాకా సాల్మన్, స్టీల్‌హెడ్ చేపలు వచ్చేవని ఇక్కడి అధికారిక అంచనా. ఇప్పుడు వచ్చేది అందులో చిన్న భాగం, అందులోనూ ఎక్కువ హేచరీల్లో పెంచి వదిలినవే. బోనవిల్ ఎక్కిన చేప ముందు ఇంకా ఎన్నో డ్యాములు. 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీ డ్యామ్‌కయితే మెట్లే కట్టలేదు. దానికి ఎగువనున్న వందల మైళ్ళ నది చేపకి శాశ్వతంగా మూసుకుపోయింది. అక్కడ కెటిల్ ఫాల్స్ అనే జలపాతం మునిగిపోయే ముందు, 1940లో, చేపల మీద బతికిన తెగలు చేరి మూడు రోజులు దుఃఖం పాటించాయి. ఆ నష్టంలో సీ లయన్ వాటా సున్నా. అంత దూరం అది ఏనాడూ పోలేదు.

అయినా పత్రికల్లో ఫోటో ఎవరిది వస్తుంది? నోట్లో చేప పట్టుకున్నవాడిది. గోడకి నోరు లేదు, అది తిన్నట్టు కనబడదు. సరస్సులా నిలిచిపోయిన నీళ్ళలో వేడెక్కి చచ్చేవి, సముద్రానికి దిగే పిల్ల చేపల్లో టర్బైన్లలో నలిగేవి కెమెరాకి చిక్కవు. పైగా గోడ మీద మాటెత్తితే కరెంటు బిల్లు కదులుతుంది, నది మీద గోధుమలు మోసే పడవలు కదులుతాయి, ఓట్లు కదులుతాయి. సీ లయన్ మీద మాటెత్తితే ఏదీ కదలదు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం మనకి తెలియని విద్యేం కాదు. ఈ రాసేది కూడా ఆ డ్యాముల కరెంటుతో నడిచే కంప్యూటర్ మీదే, సియాటిల్ చుట్టుపక్కల ఉన్న మన సాఫ్ట్‌వేర్ జనమంతా ఆ చవక కరెంటు నీడన బతికేవాళ్ళమే. తిలా పాపం తలా పిడికెడు. నా పిడికిలి నేను దాచుకోవడం లేదు.

ఇక్కడ ఒకళ్ళ మాట మాత్రం నా మాటకన్నా బరువైంది. యాకమా, నెజ్ పెర్స్, ఉమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్ తెగలు 1855 ఒప్పందాల్లో లక్షల ఎకరాలు వదులుకుని, తమ పాత చోట్ల చేపలు పట్టే హక్కు నిలబెట్టుకున్నాయి. ఆ చోట్లలో పెద్దది సెలైలో జలపాతం. వేల ఏళ్ళుగా చెక్క మంచెల మీద నిలబడి బుట్టవలలతో పట్టిన చోటు. 1957 మార్చి 10న డాల్స్ డ్యామ్ తలుపులు మూస్తే కొన్ని గంటల్లో అది నీళ్ళకింద మౌనమైపోయింది. ఆ తెగలు ఇప్పుడు సీ లయన్లని తగ్గించాలనే అంటున్నాయి, ఆ పనిలో చేయి కూడా వేస్తున్నాయి. వాళ్ళు అంటే నేను కిక్కురుమనను. ఎందుకంటే వాళ్ళు గోడల గురించి కూడా అదే గొంతుతో మాట్లాడుతున్నారు, కోర్టుల్లో దశాబ్దాలుగా కొట్లాడుతున్నారు. రేవు మీద గాలం వేసే మా స్నేహితుడు మాత్రం సీల్ దగ్గర మొదలుపెట్టి సీల్ దగ్గరే ఆపేస్తారు.

నా వాదానికి అడ్డు తగిలే ఉదాహరణ నేనే చెబుతాను, దాచడం బాగోదు. ఆరెగన్‌లో విలమెట్ జలపాతం దగ్గరా ఇదే గొడవ. హేచరీవి కాని, నదిలోనే పుట్టిన స్టీల్‌హెడ్‌లు 2017లో కొన్ని వందలకి దిగాయి. ఆలస్యం చేస్తే అంతరించిపోతాయని అక్కడి చేపల శాఖ లెక్కలు కట్టి చూపించింది. 2018 శీతాకాలం నుంచి తర్వాతి వసంతం దాకా ముప్పైకి పైగా సీ లయన్లని తీసేశారు. చేపలు కోలుకున్నాయి. కాబట్టి చంపడం పనిచేయదనేవాళ్ళతో నేను లేను. బాలార్డ్‌లో ఏళ్ళ తరబడి టపాకాయలు పేల్చి, 70 చేపలు మిగిలాక మేలుకున్నారు. విలమెట్‌లో ఇంకా చేయదగింది మిగిలి ఉండగా, కొద్ది జంతువులతో, త్వరగా పని ముగించారు. ముప్పై చావుల్ని తప్పించుకోవడానికి పదేళ్ళు జాలి పడితే, చివరికి మూడొందలు చంపాల్సి వస్తుంది, చేపా దక్కదు. జంతుప్రేమికులైన నా స్నేహితురాళ్ళకి ఈ పేరా నచ్చదని తెలుసు.

ఇంకో అంకె కూడా చెప్పాలి. సియాటిల్ ముందున్న మా సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో హార్బర్ సీళ్ళూ సీ లయన్లూ కలిసి తినే చినూక్ సాల్మన్ 1970లో ఏడాదికి 68 టన్నులుంటే, 2015కి 625 టన్నులైందని శాస్త్రవేత్తలు 2017లో లెక్క తేల్చారు. మా స్నేహితుడు ఈ అంకెని ఫోన్‌లో దాచుకుని తిరుగుతారు. నేనూ నమ్ముతాను. కానీ ఎక్కడ తింటున్నాయన్నది చూడాలి కదా. హుడ్ కెనాల్ అనే సన్నటి సముద్రపు పాయ మీద 1961లో తేలే వంతెన వేశారు. నీళ్ళ మీద తేలే కాంక్రీటు పెట్టెలు, నీళ్ళలోకి పదీ పదిహేను అడుగుల దాకా దిగి ఉంటాయి. సముద్రానికి పోయే స్టీల్‌హెడ్ పిల్లలు నీటి పైపొరలోనే ఈదుతాయి. వచ్చి ఈ పెట్టెలకి కొట్టుకుంటాయి, దారి తెలియక గోడ వెంబడి తిరుగుతాయి. అక్కడ సీళ్ళు కాచుక్కూచుంటాయి. వంతెన దాకా వచ్చిన పిల్లల్లో సగందాకా దాన్ని దాటకుండానే పోతున్నాయని వాటిలో చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టి కనిపెట్టారు. అది కార్లు పోయే వంతెన, చేపల గొడవ కలలో కూడా అనుకుని కట్టలేదు. అయినా అదే కథ: గోడ, గోడ ముందు గుంపు, గుంపు ముందు నోరు.

సీళ్ళని తగ్గిస్తే ఓర్కాలకి సాల్మన్ మిగులుతుందనే వాదన ఇంకోటి. వినడానికి బాగుంటుంది. చినూక్ మీద బతికే ఇక్కడి ఓర్కాల గుంపు డెబ్బై చిల్లరకి దిగిపోయింది నిజమే. 2018లో వాటిలో ఒక తల్లి చచ్చిన బిడ్డని ముక్కు మీద మోసుకుని 17 రోజులు తిరిగింది. ఆ వార్తలు చూసి నేను రెండు రాత్రులు సరిగ్గా పడుకోలేదు. అయితే ఇదే నీళ్ళలో ఇంకో రకం ఓర్కాలున్నాయి, అవి చేప ముట్టవు, సీళ్ళనే తింటాయి. సీళ్ళు పెరిగాక అవీ పెరుగుతున్నాయి. ఒక ఓర్కా విస్తరి నింపడానికి ఇంకో ఓర్కా విస్తరి ఖాళీ చేయడమే అవుతుంది.

ఓర్కాలంటే గుర్తొచ్చింది. 2015లో కొలంబియా నదీముఖంలో ఉన్న ఆస్టోరియా రేవులో పడవలు కట్టే బల్లల మీద రెండు వేలకు పైగా సీ లయన్లు ఎక్కి పడుకున్నాయి. బల్లలు విరుగుతున్నాయి, వాసన భరించలేం, అరుపులకి నిద్ర లేదు. రేవు వాళ్ళు రంగు టేపులు కట్టారు, కరెంటు చాపలు పరిచారు, షోరూముల ముందు గాల్లో ఊగే పొడుగు గుడ్డ బొమ్మలుంటాయే, అవి తెచ్చి నిలబెట్టారు. ఆ తిప్పల్లోనే ఒకసారి ముప్పై అడుగుల ఫైబర్‌గ్లాస్ ఓర్కాని, ఇంజను బిగించి, లోపల ఒక మనిషిని కూర్చోబెట్టి రేవులోకి దింపారు. పక్కనుంచి ఓడ పోయింది. అల వచ్చింది. ఓర్కా వెల్లకిలా పడింది. లోపలి మనిషిని బయటికి లాగాల్సి వచ్చింది. సీ లయన్లు కాసేపు నిశ్శబ్దంగా చూశాయట.

గోడ తీసిన చోట ఏమైంది? మా వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఎల్వా నది మీద దాదాపు వందేళ్ళ నాటి రెండు డ్యాముల్ని 2011 నుంచి 2014 లోపు పగలగొట్టారు. సాల్మన్ మళ్ళీ ఎగువకి పోతోంది. ఆరెగన్, కాలిఫోర్నియాల్లో పారే క్లామత్ నది మీద నాలుగు డ్యాములు 2024 కల్లా తీసేశారు. నెలైనా తిరక్కుండా, వందేళ్ళకి పైగా చేప అడుగు పెట్టని ఎగువ నీళ్ళలో చినూక్ కనబడింది. అన్ని గోడలూ తీసెయ్యలేమని నాకూ తెలుసు. బాలార్డ్ లాకులు తీసేస్తే సరస్సే దిగిపోతుంది. కానీ హుడ్ కెనాల్ వంతెన పెట్టెల మధ్య పిల్ల చేప పోయే సందు చేయొచ్చు. నీళ్ళు ఎప్పుడు, ఎంత వదలాలో మార్చొచ్చు. ఇవన్నీ డబ్బూ తలనొప్పీ ఉన్న పనులు. సూదిమందు చవక.

ఆరోజు ఇంటికొస్తూ కారులో నాన్నగారు పులస గురించే మాట్లాడారు. సముద్రంలో ఉన్నప్పుడు విలస, ఎర్రనీళ్ళకి ఎదురెక్కి గోదావట్లోకి వస్తే పులస. పుస్తెలమ్మైనా తినాలన్న చేప, ఇప్పుడు పుస్తెలు అమ్మినా నమ్మకం లేదు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక దాని ప్రయాణం ధవళేశ్వరం దగ్గర ఆగింది. కాటన్‌ని మేము తిట్టం. మా ఇంట్లో అన్నం ఆయన పెట్టిందే, మా వీధి చివర ఆయన విగ్రహానికి దండ వేస్తాం. మా బాబాయ్‌కి కోరంగి మడ అడవుల పక్కన వలలున్నాయి. పులస ఎందుకు తగ్గిందంటే సన్నకన్ను వలలనీ, మరపడవలనీ తిడతాడు. కాసేపాగి, వలలు చింపి చేపలు లాక్కుపోయే నీటికుక్కల్ని తిడతాడు. మొదటి రెండూ చెప్పేటప్పుడు గొంతు మామూలుగా ఉంటుంది. నీటికుక్కల దగ్గరికొచ్చేసరికి మంచం మీంచి లేస్తాడు. ఎన్ని చింపాయి బాబాయ్ అంటే, ఆ ఏడాదికి రెండు వలలు. "రెండే కదా" అన్నానొకసారి. "నువ్వు చూళ్ళేదమ్మా, నా కళ్ళముందే నవుల్తుంటేనూ" అన్నాడు. ఆ కోపం నకిలీది కాదు. దాన్ని నేను కాదనలేను. ధవళేశ్వరం ఆయన కళ్ళముందు ఏమీ నమలదు.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు నాన్నగారు మళ్ళీ లాకులకి వెళ్దామన్నారు. ఈసారి పడవల దగ్గర ఆగలేదు, నేరుగా కిందికి, ఆ చీకటి గదిలోకి. మధ్య కిటికీ ముందు నిలబడ్డారు. ఐదారు చేపల్లో ఒకదానికి ఎడమ పక్క, తోకకి జానెడు ముందు, పొలుసులు ఊడి తెల్లటి కండ కనబడుతోంది. మూడు గీతలు, వంకరగా. సీల్ పళ్ళని పక్కనున్న వాలంటీరు ఎవరికో చెబుతోంది. ఆ చేప మిగతావాటిలా నిలకడగా లేదు. ప్రవాహానికి కాస్త వెనక్కి జారి, మళ్ళీ సర్దుకుని, మళ్ళీ జారుతోంది. నాన్నగారు జేబులోంచి చేతులు తీశారు. పావుగంట గడిచింది. రెండు చేపలు పై మెట్టుకి దూకాయి, అది దూకలేదు. "విమానం ఎన్నింటికమ్మా ఎల్లుండి?" అన్నారు అద్దం మీంచి చూపు తిప్పకుండా. "ఒంటిగంటకి నాన్నగారూ" అన్నాను. "అయితే టైముందిలే" అని కిటికీ ముందున్న మెట్టు మీద కూర్చున్నారు.